రాశి చుట్టూ దారి

మా అత్తగారు నన్ను అనుమానప్పక్షి అంటారు. చాటుగా కాదు, ఇంటికి వచ్చినవాళ్ళకు నన్ను పరిచయం చేస్తూనే అంటారు. పాలబ్బాయి పాలు పోసి వెళ్ళాక వేలు ముంచి చూస్తానని, గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివర నుంచి వెనక్కి వస్తానని ఆవిడ ఫిర్యాదు. నేను కాదనను. భవనాలకు బీములు ఎంత లావుండాలో, వాటిలో ఎన్ని రాడ్లు వేయాలో లెక్కగట్టి చెప్పడం నా పని. అమలాపురంలో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు నాది. ఈ పనిలో ఉండి అనుమానం లేనివాళ్ళను చూస్తే నాకు అనుమానం.

లెక్కంతా ఇప్పుడు కంప్యూటరే చేస్తుంది. తెర మీద భవనం గీసి, ఏ బీము దేని మీద ఆనుతుందో, దాని మీద ఎంత బరువు పడుతుందో చెబితే చాలు. బరువు ఒకచోటే పడితే ఒక బాణం గుర్తు కనిపిస్తుంది. పొడవునా పరుచుకుని పడితే దువ్వెన పళ్ళలా బాణాల వరస వస్తుంది. పనిలో చేరిన కొత్తలో ఒకసారి మైనస్ గుర్తు మరిచిపోయి ఆ వరసను తలకిందులుగా పెట్టాను. స్లాబు నూనెలో వేసిన పూరీలా పైకి పొంగింది. అయినా తెర మీద మాత్రం తప్పులేమీ లేవు, లెక్క పూర్తయింది అని వచ్చింది. అప్పటి నుంచి ఆ వాక్యం చూస్తే నాకు ఒళ్ళు మంట.

అందుకే ఒక అలవాటు చేసుకున్నాను. బరువులన్నీ పెట్టాక, కింద పునాదుల దగ్గర మొత్తం ఎంత దిగుతోందో సాఫ్ట్‌వేర్‌ను అడుగుతాను. నేను కాగితం మీద విడిగా వేసుకున్న మొత్తంతో అది కలవాలి. కలిసేదాకా మిగతా అంకెల ముఖం చూడను. ఈ అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది కాబట్టి దాని మీద మాత్రం నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

కొత్తపేట దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి ఉన్నారు. ఊళ్ళో అందరూ షావుకారు గారంటారు. ఆయనకు కురిడీ నిల్వ చేసే పాత చెక్క అటక ఒకటి ఉండేది. కొబ్బరికాయను పీచుతో సహా నెలల తరబడి గాలి ఆడే చోట ఉంచితే లోపలి నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా అవుతుంది. ఊపితే లోపల కటకటలాడుతుంది. అదే కురిడీ. మా నేలలో తేమ ఎక్కువ కనుక కాయను కింద ఉంచరు, అటకెక్కిస్తారు. ఆ అటకను చెద తినేసింది. దాని బదులు సిమెంటు స్లాబు వేసి, పైన కాయ పోసుకుని, కింద ఆడవాళ్ళు కూర్చుని చిప్పలు కొట్టుకునేలా షెడ్డు కట్టాలని నా దగ్గరకు వచ్చారు.

"మధ్యలో స్తంభం ఒద్దండీ అమ్మాయి గారూ. ట్రాక్టరు లోపల తిరగాలి" అన్నారు.

"పైన ఎంత కాయ పోస్తారండీ?"

"ముప్పై వేల కాయండీ. అంతకు మించి ఒక్క కాయ పొయ్యను."

ఆ ఒక్క కాయ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అడగకుండానే ఒట్టేసేవాళ్ళు సాధారణంగా ఏదో దాస్తారు. కాయ బరువు అడిగితే మర్నాడే వంద కాయలు తూయించి చీటీ పంపారు. అప్పుడే దింపిన నీటికాయ, పీచుతో సహా. అంత శ్రద్ధగా చీటీ ఎందుకు పంపారు? తేలిక కాయలు ఏరి తూయించి ఉంటారు, బరువు తగ్గితే ఇనుము ఖర్చు కలిసొస్తుందని. ఇలా అనుకుని, ఆయన చెప్పినదానికి పావు వంతు నేనే కలిపాను. కలిపిన సంగతి ఆయనకు చెప్పలేదు. నన్నెవరూ మోసం చేయలేరన్న సంతోషం ఆ సాయంత్రమంతా ఉంది.

తర్వాత చేసింది చాలా మామూలు పని. మొత్తం బరువును నేల వైశాల్యంతో భాగించాను. వచ్చిన అంకెను స్లాబంతా ఎంచుకుని, ఒక్క నొక్కుతో గోడ నుంచి గోడ దాకా సమంగా పరిచాను. బీముల మీద బాణాలన్నీ ఒకే ఎత్తున నిలబడ్డాయి. పునాదుల దగ్గర మొత్తం అడిగాను. నా కాగితంతో అచ్చంగా కలిసింది. ఇక చూడాల్సింది బీము వంగుదల ఒకటే, అదీ హద్దులో ఉంది. సంతకం పెట్టాను.

షెడ్డు కట్టినది పలివెల అనే ఊరి మేస్త్రీ. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చెవి మీద పెన్సిలు ఉంటుంది. చాలా మర్యాదగా మాట్లాడతారు. మర్యాద ఎక్కువైతే కూడా నాకు అనుమానమే. కాంక్రీటు పోసేశాక లోపల ఎన్ని రాడ్లున్నాయో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకని ఇనుము కట్టడం పూర్తయిన రోజు చెప్పకుండా స్కూటీ వేసుకుని వెళ్ళాను. మేస్త్రీ నన్ను చూసి తలపాగా తీసి దులిపి కట్టుకున్నారు.

"చెప్పుంటే కొబ్బరి బోండాం కొట్టించేవోణ్ణి కదమ్మా."

"ఇటుగా పనుండి వచ్చానండీ" అన్నాను. అబద్ధం. ఆయనకూ తెలుసనుకుంటాను.

ప్రతి బీము దగ్గరా ఆగి రాడ్లు లెక్కపెట్టాను. ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి. మధ్య బీము అన్నిటికంటే ముఖ్యం, దాన్ని మూడోసారి కూడా లెక్కపెట్టాను. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఫోటోలు తీశాను. సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉంటే తృప్తి పడాలి కదా. నేను మాత్రం, నేను వెళ్ళాక ఒకటి రెండు పీకేస్తారేమోనని దారంతా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

షెడ్డు పూర్తయింది, కాయ ఎక్కింది, నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే షావుకారు గారి ఫోన్.

"అమ్మాయి గారూ, ట్రాక్టరు తిరగ్గా మిగిలిన చోట, మధ్య బీము కింద చెక్క అడ్డు కట్టించేనండీ. దాని తలుపు పట్టేస్తోందండీ. చిత్రిక పట్టించేను, మళ్ళీ పట్టేసింది."

తలుపు పట్టేసిందంటే పైన బీము కిందికి దిగుతోందన్న మాట. నా గుండె జారింది. గుండె జారినప్పుడు మనిషికి ముందు తోచేది తన తప్పు కాదు.

"మేస్త్రీ రాడ్లన్నీ ఉంచారో లేదోనని నాకు ముందు నుంచీ అనుమానంగానే ఉందండీ" అన్నాను.

అవతలి నుంచి "ఆయ్, అదా సంగతి" అని మాత్రం వినిపించింది. కింద ఎవరినీ కూర్చోనివ్వొద్దని, నేను బయలుదేరుతున్నానని చెప్పి పెట్టేశాను.

నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు షెడ్డు కిందే ఉన్నారు. నలుగురు కూర్చుని చిప్పలు కొడుతున్నారు. తల ఎత్తి చూస్తే వాళ్ళ మీదే మధ్య బీము, దాని అడుగున అడ్డంగా సన్నటి పగుళ్ళు. అక్కడున్న నిచ్చెనెక్కి చూస్తే, ఒక పగులులోకి నా చేతిలోని పేపరు అంచు దూరింది. బయటికి రమ్మన్నాను. వాళ్ళలో పెద్దావిడ కత్తి పక్కన పెట్టకుండానే నవ్వింది.

"ఇక్కడైతే చల్లగా ఉంటాదమ్మా. షావుకారుగోరు చెప్పేరు గానీ, లెక్కేసింది తవరే కదా అని కూకున్నాం."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. గట్టిగా అరిచి నలుగురినీ బయటికి పంపించాను. షావుకారు గారు సరుగుడు బాదులు తెప్పించి బీము కింద నిలబెట్టిస్తూ నాతో అన్నారు.

"మీరు చెప్పిన మరుక్షణం మేస్త్రీకి ఫోన్ చేసి కడిగేసేనండీ. మా అల్లుడి ఇంటి స్లాబు కూడా ఆయనకే ఇచ్చేం, ఒద్దని చెప్పేసేను. ఆయనతో కట్టించుకున్నోళ్ళు ఇంకా ఉన్నారు కదండీ, ఆళ్ళకీ చెప్పేను. తెలీకపోతే పాపం కదా మరి."

"మేస్త్రీ ఏమన్నారు?"

"ఏవంటాడండీ. 'నేను వేసేనండీ' అన్నాడు. అంతే. తప్పు చేసినోడు గట్టిగా అనలేడు కదా."

అవునన్నట్టు తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ నాకు గుర్తుంది.

పైకి వెళ్ళాను. మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన, కాస్త చేదుగా, కాస్త తియ్యగా. కాయ ఎదురుగా కొండలా ఉంది. రాశి మధ్యలో నా తల కంటే ఎత్తు. గోడల పక్కన మాత్రం ఒక్క కాయ లేదు. నాలుగు గోడల వెంబడీ మనిషి తిరిగేటంత దారి, చీపురుతో ఊడ్చి శుభ్రంగా ఉంది. ఆ దారిలో నడుస్తూ సగం దూరం వెళ్ళాను. ఎడమ చెయ్యి గోడకూ కుడి చెయ్యి కాయకూ తగులుతున్నాయి. అక్కడ ఆగిపోయాను.

రాజోలు దగ్గర మా అమ్మమ్మ గారి ఇల్లు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలం అటక మీద దాగుడుమూతలు ఆడేవాళ్ళం. రాశి చుట్టూ ఇలాంటి దారే. ఒకరు ఇటు పరిగెడితే ఒకరు అటు. కాయ గోడకు తగలకూడదు, వాన తేమ గోడలోంచి కాయకు దిగి బూజు పడుతుంది. ఎలుక వచ్చినా కనిపించాలి. మనిషి చుట్టూ తిరిగి కాయ ఊపి చూడాలి. ఇవన్నీ ఎనిమిదేళ్ళ వయసులోనే నాకు తెలుసు. ఒక కాయ దారిలోకి దొర్లితే అమ్మమ్మ మా చేతే మళ్ళీ రాశి మీద వేయించేది. ఎక్కడో పుట్టి పెరిగిన ఇంజనీరు ఈ పని చేస్తే, కాయ ఎలా పోస్తారండీ అని ఒక్క మాట అడిగి ఉండేవాడు. నాకు తెలుసు కాబట్టి నేను అడగలేదు. తెలిసి ఉండీ, కంప్యూటరు ముందు కూర్చుని గోడ నుంచి గోడకు సమంగా పరిచేశాను.

కిందికి దిగి, "కాయను గోడల దాకా పరిపించండి, ఎత్తు తగ్గుతుంది" అన్నాను. షావుకారు గారు నన్ను వింతగా చూశారు.

"గోడకి కాయ ఆనిస్తే బూజెక్కిపోదుటండీ? తవరు రాజోలోరే కదా!"

ప్రస్తుతానికి రాశిలో సగం దింపించమని, మిగతాది లెక్క చూసి చెబుతానని వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో పాత మోడల్ తెరిచాను. గోడల పక్క దారిలో బరువు తీసేశాను. ఆ తీసిన బరువును మధ్యకు చేర్చాను, రాశి ఎలా ఉందో అలా, అంచుల్లో తక్కువగా, నడుమ ఎత్తుగా. బాణాలు దువ్వెన ఆకారం పోయి రాశి ఆకారంలోకి వచ్చాయి. పునాదుల దగ్గర మొత్తం అడిగాను. పాత అంకే వచ్చింది. ఒక్క కిలో తేడా లేదు. ఎన్నో ఏళ్ళుగా నేను నమ్ముకున్న పరీక్ష, నా తప్పును నాకే తిరిగి చదివి వినిపించింది. మొత్తం సరిగ్గా ఉంటే అది ఎక్కడ కూర్చుందో ఆ పరీక్షకు పట్టదు. మధ్య బీము మాత్రం మునుపటికి ఒకటిన్నర రెట్లు వంచే భారం మోస్తోంది. తెర మీద ఎర్రగా వెలిగిన చోటు, నా పేపరు అంచు దూరిన చోటు ఒకటే.

షావుకారు గారి చీటీ నిజమే. తర్వాత అంబాజీపేటలో నేనే వంద కాయలు తూయించాను, కాస్త అటూ ఇటూగా అదే బరువు. ఆయన మీద అనుమానంతో కలిపిన ఆ పావు వంతే బీమును అంతకంటే దిగకుండా పట్టుకుంది. దానికి నన్ను నేను మెచ్చుకోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. సిగ్గే పడ్డాను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ రెండు రోజుల సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను కానీ, అలా చేస్తే ఇదంతా రాయడం దండగ. రాడ్లు కాంక్రీటులో ఉన్నాయి. ఎవరూ పగలగొట్టి చూడరు. బీము కింద రెండు ఇనుప స్తంభాలు పెట్టమని చెబితే ప్రమాదం తప్పుతుంది, ట్రాక్టరు సంగతి వాళ్ళు చూసుకుంటారు. మేస్త్రీ గట్టిగా అనలేదు కదా. ఆ ఆలోచన నాలో వచ్చింది, వచ్చి కూర్చుంది, నేను దానికి పీట కూడా వేశాను.

రెండో రోజు సాయంత్రం ఫోన్‌లో ఫోటోలు వెతికాను. ఆ రోజు దొంగచాటుగా తీసినవి. మధ్య బీము ఫోటోలు మూడున్నాయి. పెద్దవి చేసి రాడ్లు లెక్కపెట్టాను. నేను గీసి ఇచ్చినన్నీ ఉన్నాయి. మూడో ఫోటోలో అంచున ఒక చెయ్యి కనిపించింది. సిమెంటు పట్టిన గోళ్ళు, రాడ్లకు అడ్డంగా చాచి పట్టుకున్న టేపు. రాడ్ల మధ్య దూరం ఫోటోలో స్పష్టంగా పడేలా, అంకెలు నా వైపు తిప్పి మరీ పట్టుకుంది ఆ చెయ్యి. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తున్న నన్ను చూసి, ఏమీ అనకుండా మేస్త్రీ నాకు టేపు పట్టారు. నేను గమనించనే లేదు.

మర్నాడు షావుకారు గారికి ఆ ఫోటోలు చూపించి, తప్పు నాదని చెప్పాను. బరువు మొత్తం సరిగ్గానే వేశాను, మీ కాయ ఉండే చోట వేయలేదు అన్నాను.

"అడిగుంటే చెప్పేవోణ్ణి కదండీ" అన్నారాయన. స్తంభాలకు ఒప్పుకున్నారు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అల్లుడి ఇంటి స్లాబు మాత్రం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనన్నారు.

అక్కడి నుంచి పలివెల వెళ్ళాను. మేస్త్రీ అరుగు మీద కూర్చుని తాపీ తోముతున్నారు. పని లేని రోజు కూడా తోముతుండడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను, క్షమించమన్నాను. ఆయన కంగారు పడి లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించారు.

"ఎండ మీ వెనకుండి, మీ నీడ రాడ్ల మీద పడతంటే, కొలత కనపడదేమోనని పట్టుకున్నానమ్మా" అన్నారు ఫోటో చూసి. ఫోన్ నా చేతికిచ్చి, "గోడకి దారొదిలి పోస్తారని నాకూ తెలుసు. తవరు మూడు సార్లు లెక్కెట్టేరు గానీ, నన్ను ఒక్క మాట అడగలేదు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"నేనేం చేయనండీ ఇప్పుడు?"

"ఆ మాట ఎవరెవరి చెవిన పడిందో, ఆళ్ళందరికీ తవరే చెప్పండమ్మా. నేను చెబితే నమ్మరు."

షావుకారు గారు ఎవరెవరికి ఫోన్ చేశారో రాయించుకుని బయలుదేరాను. మొదటి రెండు ఇళ్ళలో కాఫీ ఇచ్చి, "అయ్యో, అలాగాండీ" అన్నారు. నమ్మారో లేదో తెలియలేదు. మూడో ఇల్లు కాలవ గట్టు మీద. ఆ ఇంటి మేడ వేసింది ఈ మేస్త్రీయే. పెద్దాయన పడక్కుర్చీలో కూర్చుని, నేను చెప్పిందంతా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నారు. చివర్న కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇలా చెప్పమని ఆ మేస్త్రీయే పంపేడా అండీ మిమ్మల్ని?"

ఆ గొంతులోని అనుమానం నాకు బాగా తెలుసు. ఫోన్ తీసి మూడో ఫోటో ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఫోటోను దగ్గరకు తెచ్చుకుని, వేలితో ఒక్కొక్కటే తాకుతూ రాడ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి.